పసుపు గౌను, నల్ల చేతులు

"ఆగండాగండి! ఆ బుట్ట కింద పెట్టండి!"

లాండ్రీలోకి అడుగు పెట్టానో లేదో, కౌంటర్ వెనక నుంచి ఒకడు కేకేశాడు. మనిషి పొడుగ్గా ఉన్నాడు. భుజం మీద తువ్వాలు, చేతిలో సగం తిన్న మామిడిపండు.

నేను ఆగాను. నా ఒంటి మీద అనాసపళ్ళ బొమ్మలున్న పసుపు గౌను, కాళ్ళకి పసుపు చెప్పులు, బుట్ట నిండా ఇంకా పసుపు బట్టలు. నన్ను చూసి నవ్వినవాళ్ళున్నారు, కళ్ళు చికిలించినవాళ్ళున్నారు. దొంగని చూసినట్టు చూసింది మాత్రం వీడొక్కడే.

"మీరిక్కడ బట్టలు ఉతకడానికి వీల్లేదు," అన్నాడు.

"ఎందుకు వీల్లేదు? చిల్లర తెచ్చుకున్నాను, సబ్బు తెచ్చుకున్నాను. మీ మామిడిపండు మీద కన్ను కూడా వెయ్యలేదు."

వాడు గోడ వైపు వేలు చూపించాడు.

గోడకి ఒక పాత కాగితం అంటించి ఉంది. 'ఈ కుటుంబానికి ప్రవేశం లేదు. నాలుగో నంబరు మెషీన్ సంగతి మరిచిపోవద్దు. – లోరెట్టా.' దాని కింద ఫోటో. నల్ల లేసు గొడుగు పట్టుకుని మా అమ్మ రోవీనా. మండుటెండలో నల్ల వెల్వెట్ కోటు తొడుక్కుని మా నాన్న క్లైవ్. వాళ్ళిద్దరి మధ్య, పసుపు గమ్‌బూట్లు వేసుకుని, మూతి ముడుచుకుని, చిన్నప్పటి నేను.

"పోయి పోయి ఇక్కడికే వచ్చానా!" అని తల కొట్టుకున్నాను. "అయినా చిన్నపిల్ల ఫోటో చూసి నన్నెలా గుర్తుపట్టారు?"

"బూట్లు మారాయి. మూతి మారలేదు."

నా మూతి ఇంకాస్త ముడుచుకుంది. వాడు పకపకా నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండాలి. మండలేదు. అదే నాకు మరీ కోపం తెప్పించింది.

అసలు సంగతి చెప్తాను. మా అమ్మానాన్న గోత్‌లు. అంటే నలుపంటే పడిచచ్చే బాపతు. పెళ్ళి కాకముందు నుంచీ తలనుంచి కాలిదాకా నలుపు తప్ప ఇంకో రంగు ఎరగరు. ఇదేమో ఆస్ట్రేలియా ఉత్తరాన ఉన్న టౌన్స్‌విల్. ఇక్కడి ఎండ నల్లబట్టని నాలుగు వారాల్లో తుప్పుపట్టిన రేకులా మార్చేస్తుంది. అందుకని నెలకో ఆదివారం మా ఇంట్లో 'రంగు రోజు'. వెలిసిపోయిన బట్టలన్నీ మళ్ళీ నల్లరంగులో ముంచాలి. ఒకసారి ఇంట్లో గ్యాసు అయిపోయింది. అమ్మ ఆ బట్టలన్నీ పట్టుకొచ్చి, ఇదే లాండ్రీలో నాలుగో నంబరు మెషీన్లో వేసి, రంగు పొట్లం విప్పి పోసేసింది. తర్వాత ఆ మెషీన్లో ఎవరి బట్టలు పడ్డాయో, వాటి గతేమైందో మాకు తెలీదు. ఆ మాటే వాడితో అన్నాను.

"నావే పడ్డాయి," అన్నాడు వాడు. "ఈ లాండ్రీ మా అమ్మది. మర్నాడు చర్చిలో నేను మొదటిసారి ప్రసాదం తీసుకోవాలి. తెల్లచొక్కా, తెల్లప్యాంటు వేశాం. బూడిదరంగులో బయటికొచ్చాయి. తెల్లగా మెరిసిపోతున్న పిల్లల మధ్య నేనొక్కడినే వానమబ్బులా నిలబడ్డాను."

"అయ్యో!"

"అయ్యో ఏముంది? అందరి కళ్ళూ నా మీదే. హాయిగా ఉండింది." గొంతు తగ్గించాడు. "అమ్మకి మాత్రం చెప్పకు. ఆవిడ ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుని గొణుగుతూనే ఉంటుంది."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో నేను గమనించలేదు.

"మా ఇంట్లో మెషీన్ పాడైంది. నేను నలుపు వేసుకోను. చూడు, ఈ బుట్టలో నల్లటి దారప్పోగు కూడా లేదు."

"తనిఖీ చెయ్యాలి."

"చేసుకో."

వాడు ఒక్కొక్క బట్టా పైకెత్తి, దీపం దగ్గర పెట్టి మరీ చూశాడు. అడుగున చెయ్యి పెట్టి ఒక నల్లమేజోడు బయటికి లాగాడు. అది నాన్నది. ఎలా దూరిందో!

"ఇదేమిటి?"

"గూఢచారి," అన్నాను. "నాకు సంబంధం లేదు. తీసుకెళ్ళి జైల్లో పెట్టు."

వాడు మేజోడుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సాక్ష్యం నా దగ్గరుంటుంది. కావాలంటే రేపొచ్చి తీసుకో. నా పేరు డారియో."

"సిడీ."

"అసలు పేరు?"

"ఆబ్సిడియన్. నల్లరాయి పేరు. నవ్వావంటే ఈ సబ్బు నీ నెత్తిన పోస్తా."

నవ్వాడు. పోశాను.

అలా మొదలైంది.

ఆ ఏడు వానలు తొందరగా వచ్చాయి. మధ్యాహ్నం దాకా ఉక్క, తర్వాత ఉన్నట్టుండి రేకుల మీద దడదడ. డారియో రోజూ గొడుగు మరిచిపోయేవాడు. రోజూ నా పసుపు గొడుగు కిందికే వచ్చేవాడు.

"కొత్త గొడుగు కొనుక్కోరాదూ?"

"ఎందుకు? ఇందులో చోటుందిగా."

"నీ భుజం తడుస్తోంది."

"నీది తడవట్లేదుగా. చాల్లే."

ఇలాంటి మాటలకి నేను పడిపోయానంటే మా తమ్ముడు జెట్ నమ్మడు. వాడిదో వేరే లోకం. నల్లరాళ్ళ పేర్లే మా ఇద్దరికీ పెట్టారుగానీ, వాడికి నలుపూ పడదు, పసుపూ పడదు. ఇస్త్రీ మడత నలగని ఖాకీ నిక్కరు, లేతగోధుమ రంగు చొక్కా, దానికి బెల్టు. లెక్కల ఆఫీసులో కొత్తగా చేరాడు. వాణ్ణి చూసినప్పుడల్లా నాన్న "మన ఇంట్లో ఇన్సూరెన్సు ఏజెంటు ఎలా పుట్టాడే రోవీనా?" అని అమ్మని అడుగుతాడు. కానీ ప్రతి ఆదివారం వాడి నిక్కర్లు ఇస్త్రీ చేసేది నాన్నే.

నా పసుపు గౌన్లన్నీ కుట్టింది అమ్మే. కారు షెడ్డులో ఆవిడ కుట్టుమిషను. పసుపు దారాన్ని చేతికి అందినంత దూరంలో పట్టుకుని, "నా కళ్ళు పోతున్నాయే తల్లీ" అంటూనే కుట్టేది. ఒకసారి స్మశానంలో గోత్‌ల పిక్నిక్కి నేనూ వెళ్ళాను. అక్కడి నల్లగొడుగుల వాళ్ళు "మీ అమ్మాయికి ఇలాంటి బట్టలెందుకు వేస్తున్నారు? కాస్త నేర్పకూడదా?" అని అడిగారు. నాన్న శాండ్‌విచ్ నములుతూ ఒక్కటే మాట అన్నాడు.

"మా పిల్ల తనకి నచ్చింది వేసుకుంటుంది. మేం నేర్పిందల్లా అదొక్కటే."

నా మొండితనం ఎక్కణ్ణించి వచ్చిందని అడిగేవాళ్ళకి నేను ఈ కథే చెప్తాను.

డారియోని ఇంటికి తీసుకెళ్ళింది ఓ రంగు రోజున. కారు షెడ్డులో గ్యాసు బర్నర్ మీద పెద్ద గుండిగ పొగలు కక్కుతోంది. నాన్న రైల్వే యార్డులో పనిచేస్తాడు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడేమో, ఒంటి మీద మెరిసే నారింజరంగు జాకెట్టు ఇంకా ఉంది.

"ఇది నా ఇష్టంతో వేసుకున్నది కాదు," అన్నాడు డారియోని చూడగానే. "రైలు గుద్దకుండా ఉండాలంటే వేసుకోవాలట. రూలు!"

"అర్థమైందండీ," అన్నాడు డారియో బుద్ధిగా.

"నీకే రంగు ఇష్టం?"

మా ఇంట్లో ఇంతకంటే కష్టమైన ప్రశ్న లేదు.

"ఉతికితే పోని రంగేదైనా ఇష్టమేనండీ. లాండ్రీవాణ్ణి కదా."

అమ్మ గుండిగలో కర్ర తిప్పడం ఆపింది. వాళ్ళిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. "కూర్చో నాయనా, టీ తాగు," అంది అమ్మ. ఆ మాటతో మా ఇంట్లో పెళ్ళి ఖాయమైనట్టే.

చిక్కంతా వాళ్ళింట్లో.

డారియో వాళ్ళ నోనా, అంటే నాయనమ్మ, అసుంతా. ఇటలీ నుంచి పడవెక్కి వచ్చి, చెరకుతోటల్లో బతుకు దున్నుకున్న మనిషి. ఆవిడకి తొంభై నిండుతున్నాయని ఆదివారం భోజనాలు పెట్టుకున్నారు. రెండు కుటుంబాలూ అక్కడే కలవాలని, అక్కడే పెళ్ళి మాట చెప్పాలని డారియో ఆలోచన. నోనా సరే అంటే ఆ ఇంట్లో ఎవరూ కాదనరు. నోనా వద్దంటే ఎవరూ సరే అనరు.

ఆ వారం మధ్యలో లాండ్రీలో లోరెట్టా గారు నన్ను పక్కకి పిలిచింది. చేతిలో దుప్పటి మడుస్తూనే ఉంది.

"చూడమ్మా, నువ్వంటే నాకేం కోపం లేదు. ఎండలా తిరుగుతుంటావు, చూడ్డానికి బాగానే ఉంటుంది. మీ అమ్మానాన్న మాత్రం ఆదివారం ఆ నల్లబట్టల్లో రాకూడదు."

"ఎందుకండీ?"

"మా అత్తగారు మా మామగారు పోయినప్పటి నుంచీ నలుపే కడుతోంది. ఆవిడది దుఃఖం. మీవాళ్ళది సరదా. పుట్టినరోజునాడు ఆవిడ ఎదురుగా సరదాకి నలుపు వేసుకుని కూర్చుంటే ఎగతాళి చేసినట్టుండదూ? ఒక్కపూట మామూలు మనుషుల్లా రమ్మను."

"మావాళ్ళు మామూలు మనుషులే," అన్నాను. "నలుపులోనే వస్తారు. లేకపోతే నేనూ రాను."

"రాకపోతే మానెయ్. అప్పుడు మా అత్తగారి ముందు పెళ్ళి మాటా ఉండదు."

డారియో అక్కడే ఉన్నాడు. చేతిలో బట్టల బుట్ట. నావైపు చూశాడు, వాళ్ళమ్మ వైపు చూశాడు, నోరు తెరిచాడు, మళ్ళీ మూసేశాడు.

నేను బయటికొచ్చేశాను. వాన. గొడుగు లోపలే మరిచిపోయాను. వెనక్కి వెళ్ళి తెచ్చుకునే ప్రసక్తే లేదు. డారియో పరిగెత్తుకొచ్చాడు, నా గొడుగు పట్టుకుని.

"సిడీ, ఆగు! ఒక్క నిమిషం విను."

"నీకు నోరు లేదా? మీ అమ్మ అన్ని మాటలంటుంటే బుట్ట పట్టుకుని నిలబడ్డావు!"

"నోనా నిజంగానే బాధపడుతుందేమోనని భయమేసింది. ఏం చెప్పాలో తోచలేదు."

"నాకు తోచింది. మావాళ్ళని దాచుకుని నేను ఏ ఇంట్లోనూ అడుగు పెట్టను. నాకు నువ్వు కావాలి డారియో. చచ్చేంత కావాలి. అయినా సరే, అలా మాత్రం రాను."

గొడుగు లాక్కుని నడిచాను. విప్పుకోవాలని కూడా గుర్తులేదు. ఇంటికొచ్చేసరికి నా మొహం మీద వానేదో ఏడుపేదో జెట్‌కి తెలియలేదు. వాడు అడిగాడు, నేను మొత్తం చెప్పేశాను. ఎవరికీ చెప్పొద్దని మాత్రం చెప్పలేదు. అక్కడే పొరపాటైంది.

శనివారం మధ్యాహ్నం పనినుంచి వచ్చేసరికి ఇల్లంతా బ్లీచ్ కంపు. కళ్ళు మండుతున్నాయి. కారు షెడ్డులో అమ్మానాన్న పక్కపక్కన నిలబడి ఉన్నారు, బడిపిల్లలు ఫోటోకి నిలబడ్డట్టు.

అమ్మ ఒంటి మీద జెట్ లేతగోధుమ చొక్కా. కళ్ళకి కాటుక లేదు, పెదాలకి రంగు లేదు. పుట్టి బుద్ధెరిగాక అమ్మ కనుబొమ్మలు అసలు రంగులో చూడటం అదే మొదటిసారి. చాలా చిన్న మనిషిలా కనిపించింది.

నాన్న చేతిలో కోటు. వెల్వెట్ కోటు. పెళ్ళినాడు వేసుకున్నది, నేను పుట్టినప్పుడు ఆస్పత్రికి వేసుకొచ్చింది, నా బడి పండగలన్నిటికీ వేసుకొచ్చింది. ఇప్పుడది నలుపు కాదు. నారింజ మచ్చలు, గోధుమ మరకలు, ఒక చెయ్యి పూర్తిగా తుప్పురంగు.

"కొత్తవి కొందామనుకున్నామే," అన్నాడు నాన్న. "దుకాణంలో రంగుచొక్కాలు చూస్తే ఏది ఎక్కడ వేసుకోవాలో మా ఇద్దరికీ తెలీలేదు. ఉన్నదాంట్లోంచి నలుపు తీసేస్తే ఏదో ఒక రంగు మిగులుతుందిగదా అని బ్లీచ్‌లో ముంచాను. ఇలా అయింది. దూరం నుంచి చూస్తే ఫరవాలేదు, కదూ?"

గోత్ తప్ప ఇంకెవడైనా చేస్తాడా ఈ పని? నలుపు కింద ఇంకో రంగు దాక్కుని ఉంటుందనుకునే మనిషి లోకంలో మా నాన్న ఒక్కడే. నవ్వొచ్చింది. నవ్వబోతే ఏడుపొచ్చింది. తర్వాత కోపం వచ్చింది. అదే ఎక్కువసేపు ఉంది.

"ఎవరు చెయ్యమన్నారు? నేను అడిగానా? ఎవడో నవ్వుతాడని మీరు ఎప్పుడైనా ఒక్క గుండీ మార్చుకున్నారా? ఎవరో నవ్వుతారని నన్ను పసుపు మానెయ్యమన్నారా? మరి ఇప్పుడేం వచ్చింది?"

"నీ పెళ్ళి వచ్చిందే," అంది అమ్మ నెమ్మదిగా. "మావల్ల నీకు అడ్డం రాకూడదు కదా."

"మీరు నాకు అడ్డమేంటమ్మా! గుండిగ ఎక్కడుంది?"

"ఏంటీ?"

"గుండిగ! రంగు పొట్లాలు! ఉప్పు! తెల్లారేసరికి ఆ కోటు నల్లగా ఉండాలి. నేనే వేస్తాను."

నేను ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ గుండిగ ముట్టుకోలేదు. నీళ్ళు కాగుతుంటే అమ్మ వెనకే నిలబడి "ఉప్పు ఇంకా పొయ్యి... గ్లవ్స్ వేసుకోవే... గోళ్ళు పాడవుతాయే" అంటూనే ఉంది. నేను వినలేదు. కర్రతో తిప్పితే వెల్వెట్ మడతల్లోకి రంగు సరిగ్గా ఎక్కదు. మంట ఆర్పి, నీళ్ళు గోరువెచ్చగా అయ్యాక చేతులు ముంచాను. మోచేతుల దాకా నలుపు.

అప్పుడే గేటు చప్పుడైంది. డారియో. నిలువునా తడిసిపోయి ఉన్నాడు. మళ్ళీ గొడుగు లేదు.

"నీళ్ళొద్దు, టీ వద్దు, ముందు మాట చెప్పనివ్వండి," అన్నాడు మా నాన్నతో. "మీరు మీ బట్టల్లోనే రావాలి. అమ్మకి చెప్పేశాను. వాళ్ళు ఎప్పట్లా నలుపులోనే వస్తారు, లేదంటే నేనూ ఆ బల్ల దగ్గర కూర్చోనని చెప్పాను. ఆ రోజే చెప్పాల్సింది. నోరు పెగల్లేదు. క్షమించండి."

నాన్న బ్లీచ్ మచ్చలు పడ్డ తన చొక్కా చూసుకుని, దగ్గాడు. "కాస్త ఆలస్యమైంది నాయనా. కోటు ఇప్పటికే బలైపోయింది."

డారియో గుండిగలోకి చూశాడు. నన్ను చూశాడు. నా చేతులు చూశాడు. చొక్కా చేతులు పైకి మడిచి, నా ఎదురుగా కూర్చుని, తన చేతులూ ముంచాడు.

"పిచ్చోడా! పోదది, వారం రోజులుంటుంది."

"ఉండనీ. ఉతికితే పోని రంగే ఇష్టమని చెప్పాగా."

నల్లనీళ్ళ అడుగున కోటు చెయ్యి పట్టుకోబోయి నా చెయ్యి పట్టుకున్నాడు. వదల్లేదు.

"అది కోటు కాదు," అన్నాను.

"తెలుసు. పెళ్ళి చేసుకుంటావా నన్ను?"

"రేపు మీ ఇంట్లో ఏం జరిగినా?"

"ఏం జరిగినా."

"అయితే చేసుకుంటాను. ముందు ఆ కాలరు సరిగ్గా ముంచు."

రేకుల మీద వాన దడదడలాడుతోంది. అమ్మ కొత్త కాటుకపుల్ల వెతుక్కుంటూ లోపలికి వెళ్ళింది, ముక్కు చీదుకుంటూ.

ఆదివారం మేం వెళ్ళిన తీరు ఇదీ: ముందు అమ్మ, లేసు గొడుగు, గంటసేపు దిద్దుకున్న కాటుక. పక్కన నాన్న, బొగ్గుకన్నా నల్లటి కోటు. వెనక జెట్, ఖాకీ నిక్కరు, బెల్టు, చేతిలో మామిడిపళ్ళ పెట్టె. చివర నేను, అమ్మ ఆ భోజనం కోసమే కుట్టిన కొత్త పసుపు గౌనులో, మోచేతుల దాకా నల్లగా. గ్లవ్స్ ఇస్తానంది అమ్మ. వద్దన్నాను. దాచుకోవడానికి రాలేదు నేను.

వాళ్ళది స్తంభాల మీద కట్టిన ఇల్లు. కింద నీడలో బల్లలు వేశారు. మేం రాగానే మాటలు ఆగిపోయాయి. లోరెట్టా గారి చేతిలో లసాన్యా పళ్ళెం అలాగే ఉండిపోయింది. మొహం ఎర్రబడింది. డారియో లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. వాడి చేతులూ నల్లగానే ఉన్నాయి.

బల్ల చివర నోనా అసుంతా. పిడికెడు మనిషి. నల్లగౌను, నల్లశాలువా. దగ్గరికెళ్ళి చూస్తే అది నలుపు కాదు, టీ డికాషన్ రంగు. భుజాల దగ్గర మరీ వెలిసిపోయింది. ఆవిడ ఒళ్ళో ఎవరో ఇచ్చిన కానుక, లేతవంగరంగు పూల గౌను, విప్పీ విప్పనట్టు పడుంది.

నోనా వేలితో నన్ను పిలిచింది. వెళ్ళాను. నా చేతులు పట్టుకుని తిరగేసి చూసింది, గోళ్ళ సందులు కూడా.

"ఎవరు పోయారే?"

"ఎవరూ పోలేదు నోనా. మా నాన్న కోటుకి రంగు వేశాను."

"మా అమ్మ చేతులు ఇలాగే ఉండేవి. ఊళ్ళో ఎవరు పోయినా వీధంతటికీ తనే రంగు వేసేది." నాన్న వైపు తిరిగింది. "నువ్విలా రావయ్యా. నువ్వెవరి కోసం కట్టావు నలుపు?"

లోరెట్టా గారు కళ్ళు మూసుకుంది. నాన్న అబద్ధం చెప్పొచ్చు. ఎవరో ఒకరు పోయే ఉంటారుగా, వాళ్ళమ్మో, మేనత్తో. ఒక్క పేరు చెప్తే గండం గడిచిపోతుంది.

నాన్న తలవంచి, మర్యాదగా చెప్పాడు.

"ఎవరి కోసమూ కాదమ్మా. నాకు నచ్చి కట్టుకున్నాను."

నోనా ఆయన కోటు అంచు పట్టుకుని, వేళ్ళతో నలిపి చూసింది. ఎంతసేపు చూసిందో! చివరికి తన శాలువా కొస ఎత్తి దాని పక్కన పెట్టింది.

"లోరెట్టా, ఇలా రా. ఇది చూడు, ఇది నలుపు. నాది చూడు, ఇదేంటి? బురద! ప్రతి పుట్టినరోజుకీ నువ్వు నాకో పూలగౌను కొంటావు. 'అత్తయ్యా, ఇంక చాలు, మావయ్య పోయి ఎన్నేళ్ళయింది, రంగు వేసుకోండి' అంటావు. నా నలుపు వెలిసిపోతోందని ఒక్కరోజైనా చూశావా?"

"మీ దుఃఖం తగ్గాలనే కదా అత్తయ్యా..."

"దుఃఖమా!" నోనా బల్ల మీద చరిచింది. గ్లాసులు ఎగిరాయి. "మొదటి ఏడాది మీ మావయ్య కోసమే కట్టాను. ఆ తర్వాత అంతా నాకు నచ్చే కట్టాను! నలుపు నాకు బాగుంటుంది. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. ఈయన చెప్పాడు. తొంభయ్యేళ్ళకి నేనూ చెప్తున్నాను. ఏం చేస్తారు?"

ఎవరేం చేస్తారు! లోరెట్టా గారు లసాన్యా పళ్ళెం పట్టుకుని కుర్చీలో కూలబడింది. డారియో నవ్వు ఆపుకోలేక నా భుజం మీద మొహం దాచుకున్నాడు.

నోనా అప్పటికే మా అమ్మని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఏం వేస్తారమ్మా ఇంత నల్లగా రావడానికి?"

"ఉప్పు ఎక్కువ వెయ్యాలి నోనా. ఒక్కసారి ముంచితే చాలదు, ఆరాక మళ్ళీ ముంచాలి. నీడలోనే ఆరబెట్టాలి."

"నావన్నీ వెయ్యాలి. పెట్టెడున్నాయి. ఈ వంగపూలది కూడా అందులోనే ముంచెయ్."

"అన్నీ ఒకేసారి మా గుండిగలో పట్టవు నోనా."

నోనా కోడలి వైపు చూసింది. లోరెట్టా గారికి అర్థమైంది. "వద్దు," అంది. "అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను. నాలుగో నంబరు మాత్రం వద్దు."

మర్నాడు పొద్దున్నే లాండ్రీ తెరిచేసరికి నాలుగో నంబరు మెషీన్ ముందు కుర్చీ వేసుకుని నోనా కూర్చుంది. అమ్మ రంగు పొట్లాలు విప్పుతోంది. గోడ మీది పాత కాగితాన్ని డారియో గోటితో ఊడబెరుకుతున్నాడు. ఫోటో దగ్గరికొచ్చేసరికి జాగ్రత్తగా చింపి, జేబులో పెట్టుకున్నాడు.

"అదెందుకు నీకు?"

"మేజోడుకి తోడుగా ఉంటుందని."

దాని చోట లోరెట్టా గారే కొత్త కాగితం అంటించింది. 'ఈ మెషీన్లో నల్లబట్టలు మాత్రమే. తెల్లవి వేస్తే పూచీ మాది కాదు.' తర్వాత మా అమ్మ దగ్గరికొచ్చి, ఎటో చూస్తూ, "నా దగ్గర ఓ పాత స్కర్టుంది. అదీ ముంచుతారా?" అంది.

"తెండి," అంది అమ్మ.

మెషీన్ తిరుగుతోంది. అద్దంలో నల్లనీళ్ళు. మేమంతా బెంచీ మీద కూర్చుని పెళ్ళి మాటల్లో పడ్డాం. చర్చి ఎప్పుడు, భోజనాలు ఎక్కడ, వానల్లోనా, వానలయ్యాకా.

"పెళ్ళిగౌను ఏ రంగు?" అని అడిగింది నోనా.

"పసుపు," అన్నాను.

"పసుపా? పెళ్ళికా? దేవుడా!" నోనా గుండెల మీద చెయ్యి వేసుకుంది. "లోకంలో ఎవరైనా పసుపులో పెళ్ళి చేసుకుంటారటే? చర్చిలో జనం నవ్వరూ? కనీసం తెలుపైనా వేసుకోవే పిల్లా!"

లోరెట్టా గారు నోనా వైపు చేరింది. అమ్మ కూడా ఆశగా, "నలుపైతే నేనింకా బాగా కుడతానే," అంది. ముగ్గురాడవాళ్ళూ నావైపే చూస్తున్నారు. నేను నోరు తెరవబోయాను.

నాన్న అప్పుడే డ్యూటీనుంచి వచ్చాడు. నారింజ జాకెట్టు విప్పి పక్కన పడేసి, చేతిసంచిలోంచి తన నల్లకోటు తీసి తొడుక్కుంటున్నాడు. గుండీలు పెట్టుకుంటూనే, ఎవరివైపూ చూడకుండా అన్నాడు.

"మా పిల్ల తనకి నచ్చింది వేసుకుంటుంది."